కైజర్ స్నేహితుడు, హాంబర్గ్ ఓడల సేఠ్ ఆల్బర్ట్ బాలిన్

మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు జర్మనీలో ఒక వింత పరిస్థితి ఉండేది. మతం మార్చుకోని యూదుడికి ప్రష్యా సైన్యంలో రిజర్వు ఆఫీసరు హోదా కూడా ఇచ్చేవారు కాదు. చట్టంలో అడ్డు లేదు. అయినా 1885 తర్వాత ఒక్కరికీ దక్కలేదు. అదే దేశపు చక్రవర్తి కైజర్ రెండో విల్‌హెల్మ్ మాత్రం హాంబర్గ్ వచ్చినప్పుడు ఓ యూదుడి ఇంటికి భోజనానికి వెళ్లేవాడు. ఆ ఇంటాయనే ఆల్బర్ట్ బాలిన్.

1857లో హాంబర్గ్‌లో పుట్టారు. పదమూడో సంతానం. తండ్రికి అమెరికా వలస పోయేవాళ్లకు ఓడ టికెట్లు ఇప్పించే ఏజెన్సీలో వాటా ఉండేది. మన దగ్గర గల్ఫ్ ఏజెంట్లు ఉంటారు కదా, అలాంటి పనే. 1874లో తండ్రి పోయాక పదిహేడేళ్ల కుర్రాడు ఆ పనిలోకి దిగారు. సరుకు ఓడల్లో పడకలు వేయించి, పేదలను తక్కువ చార్జీకి అమెరికా చేర్చే పద్ధతి పెట్టారు. దాంతో హపాగ్ అనే పెద్ద కంపెనీకి దెబ్బ తగిలింది. చివరికి 1886లో ఆ కంపెనీయే పిలిచి ప్రయాణికుల విభాగం ఆయన చేతిలో పెట్టింది. 1899 నాటికి కంపెనీకి పెద్ద దిక్కు ఆయనే.

చలికాలంలో అట్లాంటిక్ దాటేవాళ్లు తగ్గిపోతారు, ఓడలు ఖాళీగా పడి ఉంటాయి. 1891 జనవరిలో బాలిన్ ఒక ఓడను 241 మందితో మధ్యధరా సముద్రం చుట్టి రావడానికి పంపారు. కైరో, జెరూసలేం, ఇస్తాంబుల్ చూసి దాదాపు రెండు నెలలకు తిరిగొచ్చారు. ఇప్పుడు క్రూయిజ్ అంటున్నామే, అది ఇలా మొదలైందన్నమాట.

1892లో హాంబర్గ్‌లో కలరా వచ్చి ఎనిమిది వేల మందికి పైగా చనిపోయారు. నగరం తాగింది శుద్ధి చేయని ఎల్బే నది నీళ్లు. నింద మాత్రం రష్యా నుంచి వచ్చిన బీద వలసదారుల మీద పడింది. వాళ్లలో చాలామంది యూదులు. 1901లో బాలిన్ ఊరి అంచున వలసదారుల కోసం పెద్ద వసతి కట్టించారు. పడకలు, స్నానాల గదులు, డాక్టర్లు, చర్చి, యూదుల ప్రార్థనాలయం అన్నీ ఉండేవి. మనకు హలాల్ ఎలాగో యూదులకు కోషర్ అలాగ. దానికి వేరే వంటశాల పెట్టించారు. ఇదంతా ఉత్త దయ అనుకోనక్కర్లేదు. జబ్బుతో వచ్చినవాళ్లను అమెరికా వెనక్కి పంపితే ఆ ఖర్చు కంపెనీ నెత్తినే పడేది.

కైజర్‌కు ఓడల పిచ్చి. బాలిన్‌తో స్నేహం అక్కడే కుదిరింది. అయితే ఆయనకు కావాల్సింది ప్రయాణికుల ఓడలే కాదు. అడ్మిరల్ టిర్పిట్జ్ 1898, 1900లో తెచ్చిన చట్టాలతో జర్మనీ బ్రిటన్‌కు పోటీగా యుద్ధ నౌకలు కట్టడం మొదలుపెట్టింది. క్రుప్ లాంటి ఉక్కు కంపెనీలకు పండగే. నౌకాదళం పెంచాలని ఊరూరా సంఘాలు, సభలు. మొదట్లో బాలిన్ కూడా దీన్ని సమర్థించారు, ఆ సంగతి దాచాల్సింది కాదు. పెద్ద నౌకాదళం ఉంటే వ్యాపార ఓడలకు రక్షణ అనుకున్నారు.

1906లో బ్రిటన్ డ్రెడ్‌నాట్ అనే భారీ యుద్ధ నౌకను దించింది. పోటీ ముదిరింది. బ్రిటన్‌తో యుద్ధమొస్తే తన ఓడలన్నీ పోతాయని బాలిన్‌కు అర్థమైంది. లండన్‌లో ఎర్నెస్ట్ కాసెల్ అనే బ్యాంకర్ ఉండేవారు, బ్రిటన్ రాజుకు దగ్గర మనిషి. వీళ్లిద్దరూ 1908 నుంచి తెర వెనుక రాజీకి ప్రయత్నించారు. ఫలితంగా 1912 ఫిబ్రవరిలో బ్రిటన్ మంత్రి హాల్డేన్ బెర్లిన్ వచ్చాడు. కానీ టిర్పిట్జ్ కొత్త నౌకల బిల్లు వదులుకోనన్నాడు. జర్మనీ యుద్ధంలో దిగితే తటస్థంగా ఉంటామని బ్రిటన్ మాటివ్వలేదు. కైజర్ టిర్పిట్జ్ వైపే మొగ్గాడు. బాలిన్‌కు ఆయన బల్ల దగ్గర కుర్చీ ఉంది, మాటకు విలువ లేదు.

1914 జులై చివర్లో జర్మనీ విదేశాంగ శాఖ బాలిన్‌నే లండన్ పంపింది, అక్కడి నాడి చూసి రమ్మని. గ్రే, హాల్డేన్, చర్చిల్‌లను కలిశారు. బ్రిటన్ యుద్ధానికి దూరంగా ఉండొచ్చన్న ఆశతో తిరిగొచ్చారు. ఆగస్టు 4న బ్రిటన్ యుద్ధం ప్రకటించింది.

అప్పటికి హపాగ్‌కు దాదాపు 175 ఓడలు. ప్రపంచంలో అంత పెద్ద ఓడల కంపెనీ మరొకటి లేదు. కొన్ని విదేశీ రేవుల్లో చిక్కాయి, మిగిలినవి ఇంటి రేవులో తుప్పు పట్టాయి. అన్నిటికంటే పెద్దదైన ఫాటర్‌లాండ్ న్యూయార్క్‌లో ఉండిపోయింది. 1917లో అమెరికా దాన్ని తీసుకుని, తన సైనికులను ఐరోపాకు చేరవేసింది.

1918 సెప్టెంబరులో బాలిన్ చివరిసారి కైజర్‌ను కలిశారు. యుద్ధం ఓడిపోయామని, సంధి చేసుకోవాలని చెప్పడానికే వెళ్లారు. పక్కనే దర్బారు అధికారి ఒకడు ఉండి, మనసులో మాట చెప్పనివ్వలేదు.

నవంబరులో విప్లవం వచ్చింది. హపాగ్ ఆఫీసులోకి విప్లవకారులు చొరబడ్డారు. నవంబరు 9న, కైజర్ గద్దె దిగాడన్న ప్రకటన వెలువడిన రోజే, మోతాదు మించిన మందు మింగి బాలిన్ ప్రాణం విడిచారు. కావాలనే మింగారా అన్న వాదన ఇప్పటికీ నడుస్తోంది. అరవై ఒక్క ఏళ్లు. ప్రొటెస్టెంట్ ఇంటి అమ్మాయిని పెళ్లాడినా, ఎన్ని తలుపులు తెరుచుకుంటాయని తెలిసినా, మతం మాత్రం మార్చుకోలేదు.

తర్వాత కంపెనీ కొత్త ఓడకు ఆల్బర్ట్ బాలిన్ అని పేరు పెట్టింది. 1935లో నాజీలు ఆ పేరు తీయించి హన్సా అని మార్పించారు. 1947లో హాంబర్గ్‌లో కంపెనీ ఆఫీసున్న వీధికి బాలిన్ పేరు వచ్చింది. నారింజ రంగు కంటైనర్లతో కనిపించే హపాగ్-లాయిడ్ హెడ్ ఆఫీసు ఇవాళ్టికీ ఆ వీధిలోనే ఉంది.