ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టి.. కాకినాడకు దేహం ఇచ్చిన సైంటిస్ట్ హాల్డేన్!

సారపాక: ఆడపిల్ల పుడితే ఇంకా తల్లినే ఆడిపోసుకుంటున్నారా? తల్లి ఇచ్చేది ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే. ఆడా, మగా తేల్చేది తండ్రి నుంచి వచ్చే ఎక్స్ లేదా వై. ఈ క్రోమోజోముల లెక్కలో పెద్ద పేరు జేబీఎస్ హాల్డేన్‌ది.

1892లో ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు. రెండు జాతులు కలిసి పుట్టిన సంకర సంతానంలో దెబ్బ పడేది ఎక్కువగా ఎక్స్, వై రెండూ ఉన్నవాటికే అని 1922లో చెప్పారు. క్షీరదాల్లో అవి మగవే. జడల బర్రె, ఆవు జాతులు కలిస్తే పుట్టిన ఆడది ఈనుతుంది. మగదానికి మాత్రం పిల్లలు పుట్టవు.

1957లో ఇండియా వచ్చేశారు, పౌరసత్వం కూడా తీసుకున్నారు. చెవులపై జుట్టు తండ్రి నుంచి కొడుకులకే వస్తుందా అని ఆంధ్రాలో ఆరా తీసిన ద్రోణంరాజు కృష్ణారావు ఈయన శిష్యుడే.

1964 డిసెంబర్ 1న భువనేశ్వర్‌లో క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారమే దేహాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి అప్పగించారు.