యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (జనవరి 12, 1895 - ఆగష్టు 1948) ప్రసిద్ధ జీవరసాయన శాస్త్రవేత్త. టెట్రాసైక్లిన్ వర్గపు యాంటీబయాటిక్ మందులలో మొదటిదైన ఆరియోమైసిన్ ఈయన పర్యవేక్షణలో వెలువడింది. తరువాత ఆ మందే కోళ్ళ దాణాలో చేరింది. మందులకు లొంగని బాక్టీరియా పచ్చి మాంసంలో కనిపించే సమస్యకు ఒక మూలం అక్కడ ఉంది.

జీవితం

సుబ్బారావు భీమవరంలో జన్మించాడు. మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషను గట్టెక్కాడు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యాడు, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఈయన సోదరులిద్దరు స్ప్రూ వ్యాధితో మరణించారు. అమెరికా వెళ్ళి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని (1925) రూపొందించాడు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరాడు. స్ప్రూ చికిత్సకు ఉపకరించే ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకు వాడే హెట్రజాన్ ఈయన బృందం కృషి ఫలితాలే.

ఆరియోమైసిన్

సుబ్బారావు బృందంలోని వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్, డెబ్బయి ఏళ్ళు దాటిన వయసులో, మిస్సోరీ నుండి వచ్చిన మట్టిలో బంగారు వన్నె గల సూక్ష్మజీవిని గుర్తించాడు (1945). దాని నుండి తీసిన మందును 1948లో ప్రకటించారు. ఆ సంవత్సరమే సుబ్బారావు మరణించాడు.

కోళ్ళ దాణాలో

1948 చివర లెడర్లీలోనే థామస్ జూక్స్, స్టోక్‌స్టాడ్ బి12 విటమిను కోసం ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు పెట్టారు. పిల్లలు అనుకున్నదానికన్నా వేగంగా పెరిగాయి. పిప్పిలో మిగిలిన కొద్దిపాటి మందే అందుకు కారణమని తరువాత తేలింది. 1951లో అమెరికా దాణాలో వాడకానికి అనుమతించింది. ఇందుకు సుబ్బారావును బాధ్యుని చేయడం న్యాయం కాదు. ఆ ప్రయోగం ఆయన మరణానంతరం జరిగింది.

రోజూ స్వల్ప మోతాదులో మందు అందితే కోడి ప్రేగులలోని బలహీన బాక్టీరియా నశించి, మందుకు తట్టుకున్నవి వృద్ధి చెందుతాయి. కోసి శుభ్రపరచేటప్పుడు ప్రేగులలోని మలం తగిలి ఇ.కోలై, సాల్మొనెల్లా మాంసానికి అంటుకుంటాయి. బాగా ఉడికిస్తే ఇవి చస్తాయి. అయితే చేతులు, కత్తి, మాంసం కొట్టే మొద్దు ద్వారా పచ్చి కూరగాయలకు చేరగలవు. పైగా నిరోధక గుణాన్నిచ్చే జన్యువులు ఒక బాక్టీరియా నుండి మరొకదానికి పోతాయి.

బ్రిటన్‌లో స్వాన్ సంఘం 1969లోనే దీనిపై హెచ్చరించింది. పెరుగుదల కోసం యాంటీబయాటిక్స్ పెట్టడాన్ని ఐరోపా సమాఖ్య 2006లో నిషేధించింది. మానవ వైద్యంలో ముఖ్యమైన మందుల విషయంలో అమెరికా 2017లో ఆ వాడకాన్ని ఆపింది. భారత ప్రభుత్వం 2019లో కొలిస్టిన్‌ను ఆహార జంతువులకు వాడరాదని ఆదేశించింది.