కాటన్ దొర ఎక్కిన పడవలు

మన డెల్టాలో కాటన్ దొర విగ్రహాలకు కొదవ లేదు. గుర్రమెక్కించినవి ఉన్నాయి, టోపీ పెట్టి నిలబెట్టినవి ఉన్నాయి, చేతికి కాగితపు చుట్ట ఇచ్చినవీ ఉన్నాయి. పడవలో కూర్చోబెట్టిన విగ్రహం మాత్రం నేనింతవరకు చూడలేదు. నిజానికి ఆయన జీవితం సగం పడవల మీదే గడిచింది. మిగతా సగం పడవల గురించి ప్రభుత్వంతో పోట్లాడటంలో గడిచింది.

ఈ మాట ఇప్పుడెందుకంటారా? సెలవు దొరికితే మన మిత్రులు నాగాయలంక వెళ్ళి ఒంటిపూట పడవ మాట్లాడుకుంటున్నారు. కృష్ణ పాయ మీద ఎదురుమొండి దీవి వైపు తిరిగి, మడ అడవులు చూసి, వీలైతే హంసలదీవి దాకా పోయి పాలకాయతిప్పలో సముద్రస్నానం చేసి వస్తున్నారు. మంచిదే. (ఏటి లాగూ సముద్రపు పోటుపాట్లూ కలిసే చోట ఈత వచ్చినవాళ్ళు కూడా లోపలికి పోకూడదని మాత్రం మరిచిపోకండి.) అయితే అక్కడికి పోయినవాళ్ళందరికీ ఒక్కటే ఫిర్యాదు. సినిమాల్లో అండమాన్ నీళ్ళలాగా మన నీళ్ళు ఉండవు. కళ్ళకు అద్దాలు, నోటికి స్నార్కెల్ గొట్టం పెట్టుకుని మునిగితే మూర దూరం కూడా కనిపించదు. అంతా ఎర్రమట్టి, బురద. ఆ బురద విలువేమిటో, దీవికి పడవ ఎందుకు కావాలో ఎరిగిన మనిషి కథ చెప్పుకోవటానికి ఇంతకంటే మంచి సందర్భం ఉండదనిపించింది.

ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో పుట్టాడు. పదకొండుమంది అన్నదమ్ముల్లో పదోవాడు. అంత పెద్ద కుటుంబంలో ఆస్తి పంపకానికి కూర్చుంటే పదోవాడి దాకా ఏం మిగులుతుంది? మన వ్యవసాయ కుటుంబాల్లో పుట్టినవాళ్ళకు ఆ లెక్క వేరే చెప్పక్కర్లేదు. పదిహేనో ఏట ఈస్టిండియా కంపెనీ వారి అడిస్కోంబ్ సైనిక పాఠశాలలో చేరాడు. అక్కడినుంచి మద్రాసు ఇంజనీర్ల దళానికి ఎంపికై, 1821లో ఇండియాకు ఓడ ఎక్కాడు. అప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్ళు. మనం ఇంటర్ పాసై ఏ గ్రూపు తీసుకుందామా అని తన్నుకులాడే వయసు అన్నమాట.

కుర్ర ఇంజనీరుగా ఆయనకు అప్పగించిన తొలి పనుల్లో పాంబన్ జలసంధి సర్వే ఒకటి. రామేశ్వరం దీవికీ ప్రధాన భూమికీ మధ్య ఉన్న సన్నని దారి అది. అడుగున రాళ్ళు, ఇసుక మేటలు. పెద్ద ఓడలు పోవటానికి వీల్లేదు. సింహళం చుట్టూ తిరిగి పోవాల్సిందే. పడవలో కూర్చుని, సీసపు గుండు కట్టిన తాడు నీళ్ళలోకి వదులుతూ, ఎక్కడ ఎన్ని బారల లోతు ఉందో, ఎక్కడ రాయి తగులుతోందో రాసుకుంటూ పోవటమే ఆ రోజుల్లో సర్వే. ఆ తీరంలోనే, మన్నారు సింధుశాఖ దీవుల చుట్టూ పగడపు దిబ్బలున్నాయి. నేటి ప్రభుత్వం 1986లో ఆ ఇరవయ్యొక్క దీవుల ప్రాంతాన్ని సముద్ర జాతీయ వనంగా ప్రకటించింది. అడుగు కనిపించే నీళ్ళు కావాలంటే మనం పోవాల్సింది అటువైపే. అలాంటి చోట పని మొదలుపెట్టిన మనిషి చివరికి అడుగు కనపడని మన బురద నదుల మీద మనసు పెట్టుకున్నాడు. నాకు ఈ సంగతి వింతగానూ ఉంటుంది, గర్వంగానూ ఉంటుంది.

మధ్యలో బర్మా యుద్ధానికి పోయి వచ్చాడు. ఆ తర్వాత కావేరి. తంజావూరు వాళ్ళ పొలాలకు నీరందించే పాయ పూడుకుపోతూ, నీళ్ళన్నీ కొల్లిడం పాయలోకి జారిపోతున్న రోజులవి. చోళులనాటి కల్లణైని ఆయన నెలల తరబడి పరిశీలించాడు. కింద రాతినేల లేదు, ఎంత తవ్వినా ఇసుకే. మరి ఆ ఇసుక మీద అన్ని వందల ఏళ్ళు ఆనకట్ట ఎలా నిలిచింది? రాళ్ళు పోస్తారు, ఇసుకలోకి దిగుతాయి. మళ్ళీ పోస్తారు, మళ్ళీ దిగుతాయి. ఇక దిగనప్పుడు దానిమీద కట్టడం లేపుతారు. ఈ కిటుకు తాను ఇక్కడి పాతకాలపు పనివాళ్ళ దగ్గరే నేర్చుకున్నానని ఆయన తర్వాత దాచకుండా రాసుకున్నాడు. తెల్లదొరల్లో ఆ మాత్రం ఒప్పుకున్నవాళ్ళు ఎంతమంది ఉంటారు? ఆ పాఠంతోనే 1836లో కొల్లిడం మీద ఆనకట్టలు మొదలుపెట్టాడు. అవి నిలిచాయి.

ఆరోగ్యం మాత్రం నిలవలేదు. సెలవు పెట్టి టాస్మానియా దీవికి వెళ్ళాడు. 1841లో అక్కడే ఎలిజబెత్ లెర్మాంత్‌ను పెళ్ళి చేసుకున్నాడు. తిరిగి వచ్చాక ఆయన్ని వేసింది గోదావరి జిల్లాకు.

అప్పటి మన జిల్లాల పరిస్థితి తలుచుకుంటే గుండె చెరువవుతుంది. 1832-33లో వచ్చిన నందన కరువును మనవాళ్ళు డొక్కల కరువు అన్నారు. ఒక్క గుంటూరు జిల్లాలోనే సుమారు 5 లక్షల జనంలో 2 లక్షలమంది దాకా పోయారని చరిత్ర చెబుతోంది. 1839లో కోరంగి మీద ఉప్పెన పడింది. విచిత్రమేమిటంటే, కరువు వచ్చిన ఏళ్ళలో కూడా కృష్ణా గోదావరులు బంగాళాఖాతంలోకి నీళ్ళు పోస్తూనే ఉన్నాయి. ఊళ్ళో గంజి లేదు, ఊరి పక్క ఏరు నిండుగా పారుతోంది. కాటన్‌కు నిద్ర పట్టనివ్వనిది ఇదే. నీళ్ళొక్కటే కాదు, ఆ నీళ్ళు మోసుకొచ్చే ఒండ్రుమట్టి కూడా సముద్రం పాలవుతోందని ఆయన బాధ. పొలం గట్టున పుట్టినవాళ్ళకు ఒండ్రు అంటే ఏమిటో తెలుసు. ఎరువుల కొట్టు బాకీ తగ్గించే మట్టి అది.

గోదావరి ఆనకట్టకు ధవళేశ్వరాన్నే ఎందుకు ఎంచాడు? అక్కడ నది చాలా వెడల్పు. మామూలు బుద్ధికి ఇరుకు చోటు వెతకాలనిపిస్తుంది. కానీ వెడల్పున్న చోట వరద పలచబడుతుంది. పైగా మధ్యలో లంకలున్నాయి. లంకల మధ్య ఏరు నాలుగు పాయలైంది కాబట్టి ఆనకట్ట కూడా ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలైంది. దీవులను అడ్డంకి అనుకోకుండా ఆసరాగా వాడుకున్నాడన్నమాట. 1847లో పని మొదలైంది. పదివేలమంది కూలీలు పనిచేశారు. వాళ్ళను పోగుచేసి పని నడిపించిన మన తెలుగువాడు వీణం వీరన్న. మన సావనీర్లలో దొరగారి పేరు వచ్చినన్నిసార్లు ఈయన పేరు రాదు, కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. పని మధ్యలో కాటన్ మళ్ళీ మంచాన పడి 1848లో ఆస్ట్రేలియా వెళ్ళాల్సి వచ్చింది. ఆ రెండేళ్ళు కెప్టెన్ ఆర్ పని నడిపించాడు. 1852 నాటికి ఆనకట్ట పూర్తయింది.

ఆ వెంటనే మన కృష్ణ వంతు. బెజవాడలో ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్య 1852లో మొదలై 1855లో ముగిసిన ఆనకట్ట కూడా కాటన్ ఆలోచనే. దగ్గరుండి కట్టించింది మాత్రం ఆ ఆర్ దొర. ఆ కట్టడం దాదాపు వందేళ్ళు నిలిచి 1952లో తెగింది. దాని స్థానంలో 1957 నాటికి ప్రకాశం బ్యారేజి వచ్చింది. ఇవాళ బందరు, గుడివాడ, అవనిగడ్డ పొలాలన్నీ ఆ నీళ్ళతోనే పచ్చగా ఉన్నాయి. కృష్ణా డెల్టా ఆయకట్టు సుమారు 13 లక్షల ఎకరాలు.

కానీ ఆనకట్ట కట్టటం ఒక ఎత్తు, దీవికి నీళ్ళు పంపటం ఇంకో ఎత్తు. ఇటు కాలువ వస్తుంది, మధ్యలో ఏటి పాయ, అవతల లంకభూమి. ఏటి మీదుగా ఇంకో ఏరును దాటించాలి! కోనసీమలో నగరం దీవికి ఇలాగే నీళ్ళు కావాల్సి వస్తే కాటన్ శిష్యుడు హేగ్ వైనతేయ పాయ మీద గన్నవరం దగ్గర 49 ఖానాల అక్విడక్టు కట్టాడు. పుల్లేటికుర్రు వైపు పోయినవాళ్ళు అడిగి చూడండి. మన దివిసీమదీ అదే సమస్య. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలి దివిసీమను కౌగిలించుకుంటుంది. చుట్టూ నీళ్ళే, ఒక పక్క సముద్రం, అయినా తాగటానికీ తడపటానికీ నీళ్ళు కరువు. తర్వాతి తరాల ఇంజనీర్లు పులిగడ్డ అక్విడక్టుతో కాలువను పాయ దాటించారు. అవనిగడ్డ బస్సులో పోయేటప్పుడు కిటికీ పక్క సీటు దొరికితే దాన్ని చూడండి. పైన కాలువ, కింద కృష్ణమ్మ.

ఇక పడవల గొడవ. కాటన్ దృష్టిలో కాలువంటే నీళ్ళ బోదె కాదు, రోడ్డు. అందుకే ఆయన కాలువలకు లాకులు పెట్టించాడు, గట్టు మీద మనుషులు తాడు పట్టి పడవ లాగేందుకు దారి వదిలించాడు. లాకు ఎలా పనిచేస్తుందో ఫిజిక్స్ మిత్రులకు చెప్పక్కర్లేదు గానీ మిగతావాళ్ళకు ఒక్క మాట. రెండు తలుపుల మధ్య తొట్టిలోకి పడవ రాగానే వెనక తలుపు మూసి, నీళ్ళు నింపో వదిలో, ముందున్న మట్టానికి సమానం చేసి, ముందు తలుపు తీస్తారు. ఇంజనూ లేదు, బొగ్గూ లేదు. బెజవాడనుంచి బందరు కాలువలో బందరు, ఏలూరు కాలువలో గోదావరి, కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువ పట్టుకుంటే మద్రాసు. కాకినాడలో పడవెక్కినవాడు సముద్రం మొహం చూడకుండా పుదుచ్చేరి దాకా పోగలిగేవాడు. మా తాతగారి చిన్నతనంలో ధాన్యం బస్తాలు పడవలోనే బందరు చేరేవట. మా ఊళ్ళో ఈత నేర్చింది కూడా ఆ కాలువలోనే. నడుముకు ఎండు సొరకాయ బుర్రలు కట్టి తోసేసేవాళ్ళు, అంతే! బుర్రలు పోయి ట్యూబులు వచ్చాయి గానీ మా తరమూ ఆ కాలువలోనే నేర్చుకుంది.

దేశమంతా నదులను కాలువలతో కలపాలనీ, రైళ్ళకు పోసే డబ్బులో కొంత నీటి దారులకు పెట్టాలనీ కాటన్ పట్టుబట్టాడు. 1861లో సర్ బిరుదు వచ్చినా ఆ పట్టు విడవలేదు. 1878లో పార్లమెంటు సంఘం ముందు ఆయన్ని కూర్చోబెట్టి గుచ్చి గుచ్చి అడిగారు. ఆయన ప్రోత్సాహంతో తుంగభద్రనుంచి తీసిన కర్నూలు-కడప కాలువ నష్టాల్లో పడిందన్నది ప్రత్యర్థులకు మంచి ఆయుధమైంది. నా మటుకు నాకు ఈ విషయంలో కాటన్ పూర్తిగా ఒప్పు అనిపించదు. ఎండాకాలం కాలువ కట్టేస్తే పడవ ఎలా నడుస్తుంది? రైలుకు ఆ బాధ లేదు. ఇంకో సంగతి. ఆయన కంపెనీ నౌకరు. శిస్తు పెరుగుతుందని లెక్క చూపించే ఆనకట్టకు డబ్బు రాబట్టాడు. పెరిగిన శిస్తు కట్టింది మన ముత్తాతలే. కానీ పూర్తిగా తప్పు అని కూడా అనలేను. ఆయన పోయిన మరుసటి ఏడాదే, 1900లో, గోదావరి మీద హేవలాక్ వంతెనపై రైలు పోయింది. పడవలు ఒక్కొక్కటే గట్టెక్కాయి. 2008లో కేంద్ర ప్రభుత్వం కాకినాడ-పుదుచ్చేరి కాలువలనూ, కృష్ణా గోదావరుల్లో కొంత భాగాన్నీ కలిపి నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించింది. నూటయాభై ఏళ్ళ తర్వాత!

ఇప్పుడు మన బురద నీళ్ళ ఫిర్యాదుకు వద్దాం. నీళ్ళలో ఒండ్రు తేలుతుంటే వెలుగు లోపలికి దిగదు. వెలుగు అందక, బురద కప్పేసి, మంచినీరు కలిసి పగడం బతకదు. అందుకే నాగాయలంక దగ్గర స్నార్కెల్ గొట్టం పనికిరాదు. కానీ ఆ ఒండ్రు పేరుకునే దివిసీమ పుట్టింది. ఎదురుమొండి పుట్టింది, మడ వేరూనింది. కాటన్ నాటి ఆనకట్ట ఎత్తు తక్కువ. వరద దానిమీద పొర్లి ఒండ్రును సముద్రం దాకా మోసేది. 1967లో నాగార్జునసాగర్, 1980లలో శ్రీశైలం వచ్చాక ఒండ్రు చాలావరకు ఆ జలాశయాల అడుగునే ఆగిపోతోంది. కింద డెల్టా అంచు కొన్నిచోట్ల కోసుకుపోతోంది. 1864లో బందరును ముంచి సుమారు 30,000 ప్రాణాలు తీసిన ఉప్పెన, 1977 నవంబరు 19న దివిసీమ మీద పడి సుమారు 10,000 మందిని మింగిన ఉప్పెన, రెండూ ఆ అంచు మీదుగానే వచ్చాయి. నీళ్ళు తేటపడుతున్నాయంటే సంతోషించాల్సిన దీవి కాదు మనది.

కాటన్ 1860లో ఉద్యోగం వదిలి ఇంగ్లండు చేరాడు. చివరి రోజులు డార్కింగ్ ఊళ్ళో గడిపాడు. అక్కడ కూడా ఊరికే కూర్చోలేదు. ముసలితనంలో తోటలో మడులు కట్టి, మట్టిని లోతుగా తవ్వి గోధుమ వేస్తే ఎంత పండుతుందో ప్రయోగాలు చేశాడు. నదులు మళ్ళించిన చేత్తో పార పట్టి మడి తవ్వుతున్న ముసలాయన్ని తలుచుకుంటే మా వీధిలో పెద్దవాళ్ళే గుర్తొస్తారు. 1899 జులై 24న, తొంభయ్యారో ఏట కన్నుమూశాడు. కూతురు లేడీ హోప్ మరుసటి ఏడాది ఆయన జీవితచరిత్ర అచ్చువేసింది. డార్విన్ మరణశయ్య మీద తన సిద్ధాంతం వదులుకున్నాడని కథ ప్రచారం చేసి, డార్విన్ పిల్లల చేత కాదనిపించుకున్న లేడీ హోప్ ఈవిడే. జువాలజీ మిత్రులు ఆ కథ ఎక్కడైనా చదివితే, అది చెప్పింది మన కాటన్ దొర కూతురని గుర్తుపెట్టుకోండి. తండ్రి గురించి రాసిన పుస్తకంలో మాత్రం లెక్కలు, కాలువలు, పడవలే ఎక్కువ.