స్టూడియోలో వెన్నెల కాయించిన మార్కస్ బార్ట్లే

• ‘మాయాబజార్’ ఛాయాగ్రాహకుని జీవితం నేటి ఫొటోగ్రాఫర్లకు పాఠం
• ఒక్కో దృశ్యానికి ఒక్కో వెలుగు ఎంచుకోవడమే ఆయన సాధన

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం: హిందూపురం నియోజకవర్గ ప్రజలు 1985, 1989, 1994 ఎన్నికల్లో వరుసగా మూడుసార్లు నందమూరి తారక రామారావును శాసనసభకు పంపారు. వారిలో ఎందరికో ఆయన నాయకునిగా కంటే ముందు వెండితెర శ్రీకృష్ణునిగా పరిచయం. ఆ కృష్ణుని ఇంటింటి దేవునిగా నిలిపిన ‘మాయాబజార్’ దర్శకుడు కదిరి వెంకటరెడ్డి అనంతపురం జిల్లా తాడిపత్రిలో పుట్టినవారే. అయితే ఆ ముఖంపై వెలుగు ఎంత పడాలో, నీడ ఎక్కడ ఆగాలో నిర్ణయించిన ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే పేరు నేటి తరంలో కొద్దిమందికే తెలుసు.

బార్ట్లే 1993లో కన్నుమూశారు. ఆయన వాడిన ఫిల్ము, భారీ దీపాలు స్టూడియోల నుంచి తప్పుకున్నాయి. చేతిలో డిజిటల్ కెమెరా, సంచిలో రెండు ఎల్ఈడీ లైట్లు ఉంటే పెళ్లయినా, పట్టుచీరయినా, కోటగోడయినా ఒకే తీరున తీసేసే రోజులు వచ్చాయి. వెలుగు ఎక్కువైతే ఫొటో బాగుంటుందన్న నమ్మకం బలపడింది. ఈ నమ్మకం ఎంత పొరపాటో బార్ట్లే జీవితం చెబుతుంది.

వార్తాచిత్రాల నుంచి వాహినికి

మార్కస్ బార్ట్లే 1917లో ఆంగ్లో ఇండియన్ కుటుంబంలో జన్మించారు. తెలుగు ఆయన మాతృభాష కాదు. 1930వ దశకంలో టైమ్స్ ఆఫ్ ఇండియా పత్రికలో ఫొటోగ్రాఫర్‌గా వృత్తి జీవితం ప్రారంభించారు. అనంతరం బ్రిటిష్ మూవీటోన్ సంస్థ వార్తాచిత్రాలకు పనిచేశారు. పత్రికా ఛాయాచిత్రంలో దీపాలు అమర్చుకునే వ్యవధి ఉండదు. ఉన్న వెలుగు ఎటు నుంచి వస్తోందో చూసి, తానే చోటు మార్చుకోవాలి. వెలుగును కల్పించే పని చేపట్టడానికి ముందు, ప్రకృతి ఇచ్చిన వెలుగును చదివే అభ్యాసం ఆయనకు ఆ విధంగా లభించింది.

బి.ఎన్.రెడ్డి దర్శకత్వంలో వాహినీ సంస్థ 1945లో విడుదల చేసిన ‘స్వర్గసీమ’కు ఆయన ఛాయాగ్రహణం అందించారు. అనంతరం నాగిరెడ్డి, చక్రపాణి స్థాపించిన విజయా సంస్థలో చేరి, ఆ సంస్థ చిత్రాలకు కన్నుగా నిలిచారు. ‘షావుకారు’ (1950), ‘పాతాళ భైరవి’ (1951), ‘పెళ్లి చేసి చూడు’ (1952), ‘మిస్సమ్మ’ (1955), ‘మాయాబజార్’ (1957), ‘అప్పు చేసి పప్పు కూడు’ (1959), ‘జగదేకవీరుని కథ’ (1961), ‘గుండమ్మ కథ’ (1962) ఆయన కెమెరా నుంచి వచ్చినవే. వీటిలో ‘పాతాళ భైరవి’ని 1952లో జరిగిన తొలి భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ప్రదర్శించడం విశేషం.

నవ్వుకు ఒక వెలుగు, మాయకు ఒక వెలుగు

ఒకే సంస్థ, ఒకే స్టూడియో, అనేక చిత్రాల్లో ఒకే కథానాయకుడు. అయినా ‘పాతాళ భైరవి’లోని వెలుగు ‘మిస్సమ్మ’లో కనిపించదు. మాంత్రికుని గుహలో నీడలకు పని ఉంది. వెలుగు ఒక పక్క నుంచి మాత్రమే పడితే ముఖంలో సగం చీకటిలో ఉండి భయం పుడుతుంది. ‘మిస్సమ్మ’ నడిమింటి కథ. ఉద్యోగం కోసం భార్యాభర్తలుగా నటించే ఇద్దరి చిరాకు, ముసిముసి నవ్వులు ప్రేక్షకునికి స్పష్టంగా అందాలి. అక్కడ ముఖం పూర్తిగా కనిపించే మృదువైన వెలుగు కావాలి.

ఛాయాగ్రహణంలో మూడు దీపాల పద్ధతి ప్రాథమిక పాఠం. ముఖానికి రూపం ఇచ్చేది ప్రధాన దీపం. అది వేసిన నీడను తగ్గించేది రెండవది. వెనుక నుంచి జుట్టు, భుజాల అంచులను మెరిపించి మనిషిని గోడ నుంచి వేరు చేసేది మూడవది. ఈ మూడింటి నిష్పత్తి మారితే భావమే మారుతుంది. రెండవ దీపాన్ని తగ్గిస్తే గాంభీర్యం, పెంచితే ఉల్లాసం. నలుపు తెలుపు చిత్రంలో రంగుల సాయం ఉండదు గనుక ఈ నిష్పత్తే ఛాయాగ్రాహకుని భాష. ఆ భాషలో బార్ట్లే పండితుడు.

పగటిని రేయిగా మార్చి

ఆయన కీర్తికి శిఖరం ‘మాయాబజార్’లోని పడవ పాట. మొదట శశిరేఖాభిమన్యులు, ఆపై రుక్మిణీకృష్ణులు వెన్నెలలో విహరించే ఆ ఘట్టంలో కొంత భాగాన్ని మద్రాసు సమీపంలోని ఎన్నూరు వద్ద ఆరుబయట చిత్రీకరించి, మిగిలిన భాగాన్ని స్టూడియోలో తీశారు. నిజమైన చంద్రకాంతి నాటి ఫిల్ముకు చాలదు. తెరపై కనిపించే వెన్నెల యావత్తూ కల్పితమే.

కల్పిత వెన్నెలకు సూత్రం ఉంది. చంద్రుడు ఒక్కడే గనుక ప్రధానమైన వెలుగు ఒక్క దిశ నుంచే వస్తున్నట్లు తోచాలి. అది పాత్రల వెనుక, ఎత్తు నుంచి వస్తే అలలపై తళుకులు పుడతాయి, కురుల అంచున వెండిగీత నిలుస్తుంది. ముందు వైపు వెలుగు ముఖభావం తెలిసేంత మాత్రమే ఉండాలి. కొంచెం పెరిగితే వెన్నెల కాస్తా పగలవుతుంది. తగ్గితే సావిత్రి కళ్లు చీకటిలో కలుస్తాయి. ఆరుబయట తీసిన దానికి, స్టూడియోలో తీసిన దానికి అతుకు కనిపించకూడదు. పైగా ‘మాయాబజార్’ తెలుగు, తమిళ భాషల్లో తయారైంది. తెలుగులో అక్కినేని నాగేశ్వరరావు పోషించిన అభిమన్యుని పాత్రను తమిళంలో జెమినీ గణేశన్ పోషించారు. ముఖం మారినా వెన్నెల మారరాదు.

అదే చిత్రంలో ద్వారకా నగరం మరో పరీక్ష. దాదాపు 50 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు గల స్థలంలో సుమారు 300 బొమ్మ ఇళ్లను కళాదర్శకులు గోఖలే, కళాధర్ అమర్చారు. వాటికి విద్యుద్దీపాలు పెట్టారు. బొమ్మ ఇంటిపై పెద్ద దీపం వేస్తే బొమ్మ అని ఇట్టే తెలిసిపోతుంది. వెలుగు కూడా ఇంటి కొలతకు తగ్గాలి. ఘటోత్కచుని నోట్లోకి లడ్డూలు ఎగిరివెళ్లే దృశ్యాన్ని నేటికీ పిల్లలు నోరు తెరుచుకుని చూస్తున్నారంటే, ఆ మాయలో తంత్రంతో పాటు దానిని దాచిన వెలుగునీడల పాత్ర కూడా ఉంది.

సముద్రపు రంగులు, ఇద్దరు దిలీప్‌లు

నలుపు తెలుపులో అంతటి పేరు గడించిన బార్ట్లే అక్కడే ఆగిపోలేదు. రాము కారియత్ దర్శకత్వంలో 1965లో వచ్చిన మలయాళ చిత్రం ‘చెమ్మీన్’కు రంగుల్లో ఛాయాగ్రహణం నిర్వహించారు. ఆ పనిలో యు.రాజగోపాల్ కూడా పాలుపంచుకున్నారు. కేరళ తీరంలోని జాలరుల కథ అది. సముద్రానికి దీపాలు పెట్టడం సాధ్యం కాదు. ఏ వేళకు ఏ రంగు వస్తుందో గుర్తెరిగి కెమెరా నిలపడమే అక్కడి నేర్పు. వార్తాచిత్రాల నాటి పాఠం మళ్లీ అక్కరకు వచ్చింది. ఆ చిత్రం రాష్ట్రపతి బంగారు పతకం పొందిన తొలి దక్షిణ భారత చిత్రంగా నిలిచింది.

తాపీ చాణక్య దర్శకత్వంలో నాగిరెడ్డి నిర్మించిన హిందీ చిత్రం ‘రామ్ ఔర్ శ్యామ్’ (1967)కూ ఆయనే ఛాయాగ్రాహకుడు. తెలుగులో తారక రామారావు నటించిన ‘రాముడు భీముడు’ (1964) దీనికి మూలం. ద్విపాత్రాభినయం కోసం ఫిల్ములో సగం మూసి ఒకసారి, రెండవ సగం మూసి మరోసారి తీయడం ఆ కాలపు పద్ధతి. రెండు సార్లలో వెలుగు రవ్వంత తేడా వచ్చినా తెర మధ్యలో గీత కనిపిస్తుంది. అటువంటి చోట దీపం జరపకపోవడమే ప్రతిభ.

మన ఊళ్లకు అందే పాఠం

ఈ సూత్రాలు సినిమాలకే పరిమితం కావు. ధర్మవరం పట్టుచీరలో జరీ అద్దం వంటిది. కెమెరాపై ఉన్న ఫ్లాష్ సూటిగా పడితే జరీ తెల్లగా వెలిసి, అంచులోని పనితనం మాయమవుతుంది. పక్క నుంచి ఏటవాలుగా, తెల్లగుడ్డ గుండా వచ్చే వెలుగులో నేత కనిపిస్తుంది. రెండు రంగుల దారాలు కలిసిన చీర చూసే కోణాన్ని బట్టి రంగు మారుతుంది. కిటికీ వెలుగు, ట్యూబులైటు కలిస్తే అసలు రంగే తప్పుతుంది. ఫోనులో ఫొటో చూసి దూర ప్రాంతాల వారు చీర కొంటున్న ఈ రోజుల్లో రంగు తప్పితే చీర తిరిగి వస్తుంది. నష్టం నేతగానిదే.

పెనుకొండ కోట బురుజులు, గగన్ మహల్, హిందూపురం సమీపంలోని లేపాక్షి నంది విషయంలో నియమం వేరు. మిట్ట మధ్యాహ్నపు ఎండ రాతి చెక్కడాలను చదును చేస్తుంది. ఉదయం, సాయంత్రం వాలుగా పడే ఎండలో ప్రతి ఉలి గుర్తుకూ నీడ పడుతుంది. ఇక్కడ ఫొటోగ్రాఫర్ వద్ద ఉండవలసిన పరికరం ఓపిక.

పెళ్లి మంటపంలో మరో లెక్క. తలంబ్రాల వేళ వధూవరుల చుట్టూ పదిమంది మూగుతారు. ఒక దీపాన్ని పక్కన ఎత్తులో, మరొకదాన్ని వెనుక నిలిపితే హోమం పొగ కూడా అందంగా వెలుగుతుంది. ఎదుటి నుంచే అన్ని దీపాలూ కొడితే అదే పొగ తెల్లని తెరగా మారి ముఖాలను కప్పేస్తుంది. పెళ్లి ఒక్కసారే జరుగుతుంది, తప్పిన వెలుగును మళ్లీ తేలేము.

‘మాయాబజార్’ను 2010లో రంగులద్ది మళ్లీ విడుదల చేశారు. కొత్త తరం ఆదరించింది. రంగులు యంత్రం అద్దినవే అయినా, ఏది వెలగాలి, ఏది నీడలో ఉండాలి అన్న నిర్ణయం 1957లో జరిగినదే. కృష్ణుని చిరునవ్వును చూసి చేతులు జోడించిన లక్షలాది మందికి ఆ నిర్ణయం చేసిన వ్యక్తి ముఖం తెలియదు. మూడు నాలుగు పాటల వెన్నెల చాలు, మార్కస్ బార్ట్లేను తెలుగువారు తమవాడిగా తలచుకోవడానికి.