ఆగస్టు 29: ఇంటి మాటను బడిలోకి తెచ్చిన గిడుగు రామమూర్తి పంతులు గారు

 

పొద్దున ప్రార్థన అయ్యాక మన బడిలో ‘ఈ రోజు ప్రత్యేకత’ చదవడం మీకు అలవాటే. ఒక్కో తేదీకి ఒకటో రెండో సంగతులు దొరుకుతాయి. ఆగస్టు 29కి మాత్రం ఏది చదవాలో, ఏది వదలాలో తోచదు. 1831లో సరిగ్గా ఈ రోజున మైకేల్ ఫారడే ఇనుప వలయానికి చుట్టిన తీగచుట్టలతో చేసిన ప్రయోగంలో విద్యుదయస్కాంత ప్రేరణను కనుక్కున్నాడు. మన ఇళ్లలో వెలిగే కరెంటు దీపానికి, తిరిగే ఫ్యానుకు మూలం అక్కడుంది. 1905లో ఇదే రోజున అలహాబాదులో ధ్యాన్ చంద్ పుట్టాడు. 1928, 1932, 1936 ఒలింపిక్సులో మూడుసార్లు బంగారు పతకం గెలిచిన మన హాకీ జట్టులో ఆయన ఉన్నాడు. అందుకే ఈ రోజు జాతీయ క్రీడా దినోత్సవం.

ఇదే రోజు తెలుగు భాషా దినోత్సవం కూడా. ఎందుకో అడిగితే చాలామంది పిల్లలు గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు అని ఠక్కున చెబుతారు. ఆయన ఏం చేశారని అడిగితే వ్యావహారిక భాషోద్యమం అంటారు. అంటే ఏమిటని మూడో ప్రశ్న వేస్తే మౌనం! ఆ మూడో ప్రశ్నకు జవాబుగానే ఇది రాస్తున్నాను. బెంగళూరులో తెలుగు చదువుకుంటున్న మనకు ఆయన జీవితం అందరికంటే ఎక్కువ అవసరమని నా నమ్మకం.

రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర, వంశధార ఒడ్డున ఉన్న పర్వతాలపేటలో పుట్టారు. అది ఇప్పటి శ్రీకాకుళం జిల్లా. తండ్రి వీర్రాజు గారు, తల్లి వెంకమ్మ గారు. తండ్రిది రెవెన్యూ ఉద్యోగం. రామమూర్తికి పన్నెండేళ్లు నిండీ నిండక ముందే, 1875లో తండ్రి విషజ్వరంతో పోయారు. కుర్రవాడు విజయనగరంలో మేనమామ ఇంట్లో ఉంటూ మహారాజా వారి ఇంగ్లీషు పాఠశాలలో చదువుకున్నాడు. అక్కడే చదువుతున్న ఇంకో కుర్రవాడు గురజాడ అప్పారావు. తెలుగు రాతనే మార్చబోయే ఇద్దరు ఒకే బడిలో చదువుకున్నారన్నమాట.

1879లో మెట్రిక్యులేషన్ పాసయ్యారు. పైచదువులకు ఇంటి పరిస్థితి ఒప్పుకోలేదు. 1880లో పర్లాకిమిడి రాజా వారి బడిలో ఫస్టు ఫారం పిల్లలకు చరిత్ర చెప్పే పంతులుగా చేరారు. జీతం నెలకు 30 రూపాయలు. పగలు పాఠాలు చెబుతూ, ఇంటి దగ్గర సొంతంగా చదువుకుంటూ ఎఫ్.ఏ., ఆ తర్వాత బి.ఏ. పరీక్షలు పాసయ్యారు. శ్రీముఖలింగం గుడిలోని శాసనాల పాత లిపిని కూడా ఎవరి సాయం లేకుండా నేర్చుకుని చదివారు. ట్యూషన్ లేకపోతే చదువు రాదనుకునే పిల్లలు ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోవాలి.

ఇక ఆయన జీవితంలో నాకు అన్నింటికంటే పెద్దదిగా కనిపించే సంగతి చెబుతాను. ఇది తెలుగు గురించి కాదు.

పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో సవరలు అనే గిరిజనులు ఉంటారు. వాళ్ల భాష సవర. తెలుగు, కన్నడం ఒక కుటుంబం భాషలైతే, సవర ముండా కుటుంబానికి చెందిన పూర్తిగా వేరే భాష. ఆ రోజుల్లో దానికి పుస్తకం లేదు, బడి లేదు. సంతకు దిగివచ్చిన సవర మనిషికి అవతలివాడి లెక్క అర్థం కాదు, రాసిన కాగితం చదవలేడు. రామమూర్తి గారు ముందు తానే వాళ్ల భాష నేర్చుకోవాలని నిశ్చయించుకున్నారు. తెలుగు, సవర రెండూ వచ్చినతన్ని ఇంట్లో పెట్టుకుని ఒక్కొక్క మాటే నేర్చుకున్నారు. తర్వాత ఆ భాషలో వాచకాలు, కథల పుస్తకాలు, పాటల పుస్తకాలు, నిఘంటువులు తయారు చేశారు. సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టి, పంతుళ్లకు జీతాలు ఇచ్చి, వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. ఈ పుస్తకాలకు మద్రాసు ప్రభుత్వం ప్రతిఫలం ఇవ్వబోతే వద్దని, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమని కోరారు.

దీనికి ఆయన చెల్లించిన వెల చిన్నది కాదు. ఆ కొండల్లో దోమలు, చలిజ్వరం ఎక్కువ. మలేరియాకు ఏళ్ల తరబడి క్వినైన్ వాడి వాడి ఆయనకు చెవుడు వచ్చింది, అది జీవితాంతం ఉండిపోయింది. ఒకసారి ఆలోచించండి. ఎవరూ పట్టించుకోని మాటను శ్రద్ధగా విన్న మనిషి, ఆ పనిలోనే తన వినికిడిని పోగొట్టుకున్నారు. అయినా ఆపలేదు. ముప్ఫై ఏళ్లకు పైగా సాగిన ఆ కృషి ఫలితంగా 1931లో ఆయన ఇంగ్లీషులో రాసిన సవర వ్యాకరణం అచ్చయింది. తర్వాత సవర–ఇంగ్లీషు నిఘంటువు కూడా వచ్చింది. కుమారుడు సీతాపతి గారు ఈ పనిలో ఆయనకు తోడుగా నిలిచారు.

ఇప్పుడు తెలుగు సంగతికి వద్దాం. ఆ రోజుల్లో పిల్లలు ఇంట్లో మాట్లాడే తెలుగు ఒకటి, బడిలో రాయాల్సిన తెలుగు ఇంకొకటి. అమ్మతో ‘చేస్తున్నాను’ అనే పిల్లవాడు పలక మీద ‘చేయుచున్నాను’ అని రాయాలి. అరసున్న ఎక్కడ పెట్టాలో, బండి ఱ ఎక్కడ రాయాలో బట్టీ పట్టాలి. తనకు తెలిసిన విషయం కూడా తనకు రాని భాషలో రాయాల్సి రావడంతో, ఎంత తెలివైనవాడైనా పరీక్షలో తడబడేవాడు. దీన్నే గ్రాంథిక భాష అనేవారు.

1907లో జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర ఉత్తర జిల్లాల బడులకు ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. ఆయన తెలుగు నేర్చుకుంటున్నాడు. జనం మాట్లాడేదానికి, పుస్తకాల్లో ఉన్నదానికి ఇంత తేడా ఎందుకని ఆయనకు సందేహం వచ్చింది. విశాఖపట్నంలో కాలేజీ నడుపుతున్న పి.టి. శ్రీనివాస అయ్యంగారు గారు ఆ సందేహం తీర్చగలవారు గిడుగు, గురజాడ అని చూపించారు. బయటివాడు వేసిన ఆ ప్రశ్న రామమూర్తి గారిని ఊరికే ఉండనివ్వలేదు. సవర పిల్లలకు వాళ్ల మాటలో చదువు చెప్పినప్పుడు, మన తెలుగు పిల్లలకు మన మాటలో ఎందుకు చెప్పకూడదు? అక్కడి నుంచి ఆయన జీవితమంతా ఆ పనికే అంకితమైంది.

1911 నాటికి ముప్ఫై ఏళ్ల పంతులు ఉద్యోగం ముగించుకుని పూర్తిగా ఉద్యమంలోకి దిగారు. ఆ తర్వాత స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసాన్ని కావ్యభాషలోనైనా, వాడుక భాషలోనైనా రాయవచ్చని విద్యాశాఖ ఒప్పుకుంది. వెంటనే పండితులు లేచారు. జయంతి రామయ్య పంతులు గారి నాయకత్వంలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు గట్టిగా ఎదిరించింది. భాష చెడిపోతుందని వాళ్ల భయం. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, తెలుగు మీద ప్రేమ వాళ్లకూ ఉంది. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. 1915లో గురజాడ కన్నుమూశారు. చెవులు సరిగా వినపడని రామమూర్తి గారి మీద ఉద్యమ భారమంతా పడింది.

ఆయన పోట్లాడిన తీరు చూడండి. కోపంతో కేకలు వెయ్యలేదు, పుస్తకాలు తెరిచారు. గొప్ప కవులు, పాత వ్యాఖ్యాతలు రాసినవి తీసి, మీరు తప్పంటున్న రూపాలు ఇదిగో వీళ్లే వాడారని లెక్కకట్టి చూపించారు. వాడుక భాష సమర్థకులే కాదు, వ్యతిరేకించేవాళ్లు రాసినదాంట్లో కూడా ఆ రూపాలు దొర్లుతున్నాయని ఎత్తి చూపారు. ‘బాలకవి శరణ్యం’, ‘గద్య చింతామణి’, ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం’ అనే పుస్తకాలు ఇలా పుట్టినవే. 1919లో కందుకూరి వీరేశలింగం గారి లాంటి పెద్దాయన కూడా తన చివరి రోజుల్లో వాడుక భాష సమాజానికి అధ్యక్షులుగా ఉండడానికి ఒప్పుకున్నారు. అదే ఏడు రామమూర్తి గారు ‘తెలుగు’ అనే మాసపత్రిక పెట్టి ఏడాది నడిపారు. 1925లో తణుకులో, తనను ఎదిరించిన పరిషత్తు సభలోనే నాలుగు గంటలు మాట్లాడి పండితులను ఒప్పించారు. అప్పటికి ఆయనకు అరవై రెండేళ్లు.

పిల్లలూ, ఒక్క విషయంలో పొరపడకండి. ఆయన వ్యాకరణం వద్దనలేదు, ఎలా పడితే అలా రాయమనీ అనలేదు. పాత కావ్యాలు ఆయన చదివినంతగా చదివినవాళ్లు అరుదు. చదువుకున్నవాళ్లు నలుగురిలో మర్యాదగా మాట్లాడే భాషనే, అంటే శిష్ట వ్యావహారికాన్నే, పాఠానికి, రాతకు వాడమన్నారు. కాబట్టి తెలుగు సార్ వర్ణక్రమం దిద్దినప్పుడు గిడుగు వారి పేరు చెప్పి తప్పించుకోవడానికి లేదు!

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి పట్టణాన్ని అందులో కలపవద్దని తెలుగువారి తరఫున ఆయన గట్టిగా నిలబడ్డారు. వాదం నెగ్గలేదు. యాభై ఏళ్లకు పైగా ఉన్న ఊరిని డెబ్బై రెండేళ్ల వయసులో వదిలి రాజమహేంద్రవరం వచ్చేశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆయనను కళాప్రపూర్ణ బిరుదుతో గౌరవించింది. 1940 జనవరి 22న కన్నుమూశారు. దానికి వారం ముందు కూడా పత్రికల వాళ్లను కలిసి వాడుక భాషలో రాయమనే విజ్ఞప్తి చేశారు. బడిపుస్తకాలు ఆయన కోరినట్టు మారడానికి ఆ తర్వాత ఇంకా చాలా ఏళ్లు పట్టింది. ఆ మార్పును ఆయన కళ్లారా చూడలేదు. ఈ పేజీని మీరు నిఘంటువు లేకుండా చదవగలుగుతున్నారంటే, అది ఆయన పుణ్యమే.

ఇప్పుడు తల్లిదండ్రులతో రెండు మాటలు.

అడ్మిషన్ల సమయంలో కొందరు తల్లులు నా దగ్గర మొహమాటంగా ఒక మాట అంటారు. మాది సరైన తెలుగు కాదండీ, కన్నడం కలిసిన తెలుగు, పిల్లకు తెలుగు రాదేమో అని. కోలారు వైపు నుంచి వచ్చినవాళ్లు, అనంతపురం నుంచి కూలిపనికి వచ్చినవాళ్లు, తాతల కాలం నుంచి ఈ ఊళ్లోనే ఉన్నవాళ్లు, అందరిదీ అదే బెరుకు. అమ్మా, అయ్యా, మీ ఇంట్లో అనే ‘బిన్నా రా’ తప్పు కాదు, ‘అంగడి’ తప్పు కాదు. అది మీ పిల్లకు పుట్టినప్పటి నుంచి ఉన్న ఆస్తి. బడి చేయాల్సింది ఆ ఆస్తిని పెంచడమే కానీ పారేయడం కాదు.

ఇది చెప్పే అర్హత నాకు మొదటి నుంచీ లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో పిల్లల వ్యాసాల్లో ఇంటి మాట కనిపిస్తే ఎర్ర ఇంకుతో కొట్టేసేవాణ్ని. బి.ఇడి. చదివిన నాకు అదే క్రమశిక్షణ అనిపించేది. ఓ కుర్రవాడు అలా మూడు నాలుగుసార్లు ఎర్రగీతలు తిన్నాక, వ్యాసం రాయమంటే రెండు వాక్యాలతో ఆపేయడం మొదలుపెట్టాడు. తప్పులు తగ్గాయని నేను సంతోషించాను. వాడికి రాయాలన్న ఆశే తగ్గిందని ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు ఇంటి మాట కింద గీత గియ్యను. పక్కన ఇంకో మాట రాసి, రెండూ నేర్చుకోమంటాను.

కన్నడం మన రాష్ట్ర భాష. పిల్లలు దాన్ని బాగా నేర్చుకోవాలి, ఇంగ్లీషూ నేర్చుకోవాలి. అందులో రెండో మాట లేదు. కన్నడ, తెలుగు లిపులు అక్కాచెల్లెళ్లు. ఒకటి గట్టిగా వస్తే రెండోది తేలిక. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లు చేయాలని మన రాజ్యాంగం 350ఎ అధికరణంలో ఉంది. అది 1956లో చేరింది. దానికి ఎంతో ముందే ఒక బడిపంతులు తన జేబులో డబ్బు తీసి, తనది కాని భాష కోసం ఆ పని చేసి చూపించాడు. మన సొంత భాష కోసం మనం చేయాల్సింది దాంతో పోలిస్తే ఎంత?

పిల్లలూ, ఈసారి ఆగస్టు 29కి ఉపన్యాసాలు బట్టీ పట్టి రావద్దు. మీ అవ్వనో, తాతనో, నానమ్మనో, అమ్మమ్మనో కూర్చోబెట్టి, మీకు తెలియని తెలుగు మాటలు పది అడిగి, అర్థంతో సహా నోటుపుస్తకంలో రాసుకురండి. ప్రార్థన తర్వాత చదువుకుందాం. అవి చదివేటప్పుడు ఎవరూ నవ్వకూడదు, అంతే నియమం. సాయంత్రం ఆటస్థలంలో హాకీ కర్రలు కూడా తీద్దాం. ధ్యాన్ చంద్ గారి పుట్టినరోజు కూడా అదే కదా!

మీ,
ప్రధానోపాధ్యాయుడు