జెనీవాకు పేరు తెచ్చి, జెనీవాకు దూరమైన హెన్రీ డ్యూనాంట్

యుద్ధము ఎక్కడ జరిగినా, సంధి మాటలు ఎక్కడ మొదలైనా, వార్తలలో జెనీవా పేరు వినబడుతూనే ఉంటుంది. సరస్సు ఒడ్డున ఉన్న ఈ పట్టణము స్విట్జర్లాండుకు రాజధాని కూడా కాదు. అయినను 1920లో నానాజాతి సమితి అక్కడే స్థిరపడింది. నేడు ఐక్యరాజ్య సమితి ఐరోపా కార్యాలయము, ప్రపంచ ఆరోగ్య సంస్థ, రెడ్ క్రాస్ అంతర్జాతీయ కమిటీ అక్కడే ఉన్నాయి. ఈ గౌరవమునకు తొలి మెట్టు వేసిన వారిలో ముఖ్యుడైన హెన్రీ డ్యూనాంట్ గారి జీవితమును క్లుప్తముగా మీ ముందుంచుచున్నాము.

డ్యూనాంట్ గారు 1828 మే 8న జెనీవాలో భక్తిగల కుటుంబములో జన్మించారు. తల్లిదండ్రులు అనాథలను, బీదలను ఆదుకొనేవారు. చదువులో వెనుకబడి పాఠశాల విడిచిన డ్యూనాంట్ గారు ఒక బ్యాంకులో పని నేర్చుకొన్నారు. తన ఈడు యువకులను చేర్చుకొని బైబిలు పఠనము, బీదల పరామర్శ సాగించారు. 1852లో జెనీవా వై.ఎం.సి.ఎ.ను స్థాపించారు. 1855లో పారిస్‌లో ఆ సంఘముల ప్రపంచ సమాఖ్య ఏర్పడుటకు పాటుపడ్డారు.

తరువాత అల్జీరియాలో భూములు తీసుకొని వ్యాపారము ప్రారంభించారు. నీటి హక్కులు దొరకక, ఫ్రెంచి చక్రవర్తి మూడవ నెపోలియన్‌కు స్వయముగా మనవి చేయుటకు ఇటలీ వెళ్లారు. చక్రవర్తి అప్పుడు ఆస్ట్రియా వారితో యుద్ధములో ఉన్నారు. 1859 జూన్ 24న సాల్ఫెరినో వద్ద జరిగిన పోరులో ఒక్క దినములోనే సుమారు 40,000 మంది చనిపోయారు, గాయపడ్డారు, లేక కనబడకపోయారు. సమీపములోని కాస్తిగ్లియోనె ఊరి గుడులు, ఇండ్లు క్షతగాత్రులతో నిండిపోయాయి. వైద్యులు కొద్దిమందే. డ్యూనాంట్ గారు వచ్చిన పని పక్కన పెట్టి, ఆ ఊరి స్త్రీలను కూడగట్టి, సొంత డబ్బుతో సామగ్రి తెప్పించి సేవ చేశారు. మనవాడు, పగవాడు అనే భేదము చూపలేదు.

ఆ దినములు ఆయనను విడువలేదు. 1862లో సాల్ఫెరినో జ్ఞాపకములను పుస్తకముగా వ్రాసి, సొంత ఖర్చుతో 1,600 ప్రతులు అచ్చు వేయించి ఐరోపా పెద్దలకు పంపారు. అందులో ఆయన కోరినవి రెండు. శాంతికాలములోనే ప్రతి దేశములో సేవకుల సంఘము సిద్ధముగా ఉండాలి. గాయపడినవారిని, వారికి సేవ చేయువారిని కాపాడుటకు దేశములన్నియు ఒడంబడిక చేసికోవాలి. 1863 ఫిబ్రవరిలో మోనియర్, దుఫూర్, అప్పియా, మోనోవార్ అను నలుగురితో డ్యూనాంట్ గారు చేరి ఐదుగురి కమిటీ ఏర్పడింది. 1864 ఆగస్టు 22న జెనీవా పురపాలక భవనములో 12 ప్రభుత్వముల ప్రతినిధులు మొదటి జెనీవా ఒడంబడికపై సంతకము చేశారు. తెల్లని గుడ్డపై ఎర్రని సిలువ గుర్తు అందరికీ సమ్మతమైంది. 1872లో అదే భవనములో బ్రిటన్, అమెరికాల మధ్య అలబామా అను ఓడ విషయమైన తగాదా యుద్ధము లేకుండ మధ్యవర్తుల తీర్పుతో ముగిసింది. దేశములు తమ తగవులు తీర్చుకొనే చోటుగా జెనీవా పేరు పొందినది ఈ విధముగానే.

అయితే ఆ 1872 నాటికి డ్యూనాంట్ గారు జెనీవాలో లేరు. ఈ సేవలో పడి ఆయన వ్యాపారము చూచుకొనలేదు. 1867లో దివాలా తీశారు. నమ్మి సొమ్ము పెట్టిన బంధువులు, స్నేహితులు నష్టపోయారు. న్యాయస్థానము ఆయనను తప్పు పట్టింది. కమిటీ ఆయనను తొలగించింది. తాను స్థాపించిన వై.ఎం.సి.ఎ. కూడా దూరము పెట్టింది. ఆయన జెనీవా విడిచి వెళ్లి, మరల అక్కడ అడుగు పెట్టలేదు. పారిస్ వంటి నగరములలో వెలిసిన కోటుకు సిరా పూసికొని, కొన్ని రాత్రులు రైల్వే స్టేషనులలో గడిపిన దినములున్నాయి.

చివరకు 1887లో స్విట్జర్లాండులోనే, జెనీవాకు బహుదూరమైన హైడెన్ అను కొండ ఊరు చేరారు. 1892 నుండి అక్కడి ఆసుపత్రి గదిలోనే ఉన్నారు. 1895లో ఒక విలేకరి ఆయనను గూర్చి వ్రాసిన తరువాతనే ఆయన బ్రదికి ఉన్నారని లోకమునకు తెలిసింది. 1901లో మొట్టమొదటి నోబెల్ శాంతి బహుమతిని ఫ్రెడెరిక్ పాసీ గారితో పంచుకొన్నారు. ఆ సొమ్ము తనకొరకు వాడుకొనలేదు. హైడెన్ ఆసుపత్రిలో బీద రోగుల కొరకు ఒక మంచము ఉచితముగా ఉంచవలెనని వీలునామాలో ఏర్పాటు చేశారు. 1910 అక్టోబరు 30న కన్నుమూశారు. కోరిన ప్రకారము ఆర్భాటము లేకుండ జ్యూరిక్‌లో సమాధి చేశారు. కమిటీకి ఏండ్ల తరబడి అధ్యక్షులుగా ఉన్న మోనియర్ గారు అదే సంవత్సరము ఆగస్టులో మరణించారు. ఆ ఇద్దరి మధ్య సమాధానము కుదరనే లేదు.

సొమ్ము పోగొట్టుకొన్న వారి బాధ నిజమైనదే. దానిని మేము తక్కువ చేయుట లేదు. లెక్కలలో తప్పు జరిగితే లెక్క అడుగవలసినదే. కాని లెక్క అడుగుట వేరు, ఆ మనిషి చేసిన మేలును జ్ఞాపకములో నుండి తుడిచివేయుట వేరు. జెనీవా పెద్దలు ఆనాడు ఈ రెండింటిని కలిపివేశారు. మన మధ్య కూడ ఒకప్పుడు కష్టపడి పని మొదలుపెట్టి, తరువాత ఏదో తగవులో పక్కకు నెట్టబడిన పెద్దలు ఉన్నారేమో ఆలోచింతము. వారు బ్రదికి ఉండగానే వెళ్లి పలకరింతము.

డ్యూనాంట్ గారి పుట్టినదినమైన మే 8 నేడు ప్రపంచ రెడ్ క్రాస్ దినము. ఆ దినమున మన పిల్లలకు ఈ చరిత్ర చెప్పవలెనని తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు మా మనవి.