ఇంటికి పిడికెడు గింజలు: వినోబా శాంతి సేన ముచ్చట

ఊర్ల కొట్లాట మొదలైతే పోలీసు జీపు వచ్చేసరికి ఎంత టైమ్ పడ్తది? అర్ధగంట, కొన్ని ఊర్లకైతే గంట. ఇండ్లు కాలేది, పానాలు పోయేది ఆ గంటల్నే. అప్పుడు రెండు గుంపుల నడుమ నిలవడేటోళ్లు ఎవరు? వాళ్లకు బువ్వ పెట్టేది ఎవరు? ఈ రెండు ప్రశ్నలు పట్టుకొని దేశమంత కాలినడకన తిరిగిన ఒక పెద్దమనిషి ఉండె. ఆయనే వినోబా భావే. బడి పుస్తకాలల్ల ఆయన భూదానం కాడికే ఆగిపోయిండు. నేను చెప్పేది ఆయన చేసిన ఇంకో పని గురించి.

వినోబా అసలు పేరు వినాయక్ నరహరి భావే. 1895 సెప్టెంబర్ 11న మహారాష్ట్రల గాగోదె అనే చిన్న ఊర్ల పుట్టిండు. లెక్కలల్ల మస్తు హుషారు. ఐనా సదువు సర్టిఫికెట్లు మంటల పడేసిండు. 1916ల ఇంటర్ పరీక్షకని బొంబాయి రైలెక్కి, నడుమల సూరత్‌ల దిగి కాశీకి పోయిండు. ఆడ గాంధీ చేసిన ప్రసంగం పేపర్ల చదివి ఉత్తరం రాసిండు. జూన్ 7న అహ్మదాబాద్ ఆశ్రమంల ఆయనను కలిసిండు. అప్పటిసంది ఆశ్రమమే ఇల్లు. 1940ల వ్యక్తి సత్యాగ్రహం పెట్టినప్పుడు గాంధీ అందరి కన్నా ముందు ఎంచుకున్నది వినోబానే. జైళ్లల్ల ఏండ్లకేండ్లు గడిచినయి. వేలూరు జైల్ల ఉన్నప్పుడు మన తెలుగు సుత నేర్చుకున్నడు.

మత కొట్లాట జరిగే కాడికి చేతుల కట్టె సుత లేకుండ పోయి నిలవడే దళం ఒకటి కావాలని గాంధీకి శాన ఏండ్లసంది ఉండె. దాని గురించి మాట్లాడనీకి 1948 ఫిబ్రవరిల సేవాగ్రామ్‌ల మీటింగ్ అనుకున్నరు. జనవరి 30న గాంధీని కాల్చి సంపిన్రు. ఆ పని అట్లనే మిగిలింది.

మూడేండ్లకు, 1951 ఏప్రిల్‌ల, సర్వోదయ సమ్మేళనం హైదరాబాద్ పక్కన శివరాంపల్లిల జరిగింది. వార్ధా దగ్గరి పవనార్ నుంచి వినోబా నడుసుకుంటనే వచ్చిండు. అప్పుడు నల్లగొండ పల్లెలు ఎట్లుండెనో మన తాతలు, అవ్వలు చెప్తరు. దొరల వెట్టి మీద లేచిన సాయుధ పోరాటం ఒక దిక్కు, మిలిటరీ, పోలీసు క్యాంపులు ఇంకో దిక్కు. రాత్రి దళానికి బువ్వ పెట్టిన ఇంటిని పొద్దుగాల పోలీసులు పట్టుకునేది. వినోబా ముందుగాల జైలుకు పోయి కమ్యూనిస్టు ఖైదీలను కలిసిండు. తర్వాత అవే పల్లెల దిక్కు నడిచిండు. ఏప్రిల్ 18న పోచంపల్లి చేరిండు. ఆడి దళితులు 80 ఎకరాలు అడిగిన్రు, 40 తరి, 40 ఖుష్కి. సర్కారుకు రాద్దామనుకున్నడు గని, ముందుగాల ఆడ కూసున్న ఊరోళ్లనే అడిగి చూసిండు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తనన్నడు. భూదానం అట్ల మొదలైంది.

దళాల భయం లేకుంటే భూములున్నోళ్లు అంత తొందరగ ఇస్తుండెనా అని అడిగేటోళ్లున్నరు. ఆ ప్రశ్నల న్యాయం ఉన్నది, నేను కాదనను. గని రెండు తుపాకుల నడుమ నలిగే ఊర్లకు ఒక మనిషి ఉత్త చేతులతోని వచ్చి, ఇటోళ్లతోని అటోళ్లతోని మాట్లాడి, కొట్లాటకు ఏరు భూమిల ఉన్నదని పట్టుకున్నడు. ఆకలి సంగతి ఇడిసిపెట్టి కొట్లాట ఆపుమంటే ఎవరింటరు?

1953ల బిహార్‌ల వైద్యనాథ్ ధామ్ గుడికి దళితులను ఎంబడి తీసుకొని పోతే అక్కడి పండాలు కొట్టిన్రు. వినోబా చెవికి దెబ్బ తగిలింది. కొట్టినోళ్ల మీద కోపం పెట్టుకోలేదు, వాళ్లకు శిక్ష పడాలని కోరుకోలేదు. నడుమల నిలవడుడు అంటే ఏందో ఆయనకు ఒంటి మీద తెలిసింది.

1957ల కేరళల నడుస్తున్నప్పుడు శాంతి సేన పెట్టిండు. మొదలు పేరిచ్చినోళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మందే. కేరళ గాంధీ అని పేరున్న కె. కేలప్పన్ పార్టీ రాజకీయాలు ఇడిసిపెట్టి దాంట్ల చేరిండు. శాంతి సైనికునికి పార్టీ ఉండొద్దు, కుల మతాల తేడా ఉండొద్దు. 5,000 మందికి ఒకరు ఉండాలె, అంటే అప్పటి దేశానికి 70,000 మంది. రోజూ పని ఏందంటే, ఇల్లిల్లు తిరిగి రోగమొచ్చినోళ్లను చూసుడు, పంచాయితీలు పెద్దగ కాకముందే ఇనుడు. కొట్లాట అయిన దినం మాత్రం నడుమకు పోవాలె, అవసరమైతే పానం ఇయ్యాలె. ఎప్పుడూ మొకం చూడని మనిషి వచ్చి ఆగుండ్రంటే గుంపు ఆగదు. మన అవ్వకు మందు తెచ్చిచ్చిన మనిషి నిలవడితే ఎత్తిన కట్టె జరంత జంకుతది. రోజూ చేసే సేవ అందుకే.

మరి సైనికుల బతుకుదెరువు? ఇక్కడే వినోబా బుర్ర చూడాలె. సర్కారు పైసలు, షావుకార్ల చందాలు నమ్ముకోలేదు. సర్వోదయ పాత్ర అని పెట్టిండు. ఇంట్ల ఒక కుండ. అందరి కన్నా చిన్న పిల్లతోని రోజూ పిడికెడు గింజలు అండ్ల ఏయించాలె. ఆ గింజలల్లకెల్లి కొంత శాంతి సైనికులకు పోతది. గింజ ఏసిన ఇల్లు కొట్లాటకు పోము అని ఓటు ఏసినట్టు లెక్క. పిల్లకు సుత పొద్దున లేస్తే ఊరు యాదికొస్తది. ఊరు పెట్టిన బువ్వ తిన్నోళ్లు ఊరికే జవాబు చెప్పాలె, ఏ లీడర్‌కో కాదు.

1960 మేల చంబల్ లోయకు పోయిండు. పేరుమోసిన దొంగ మాన్‌సింగ్ కొడుకు తహసీల్దార్ సింగ్ ఉరిశిక్ష పడి జైల్ల ఉండి, అక్కడోళ్లతోని మాట్లాడుమని ఆయనకు ఉత్తరం రాసిండు. వినోబా ఊరూరు నడిచినంక ఇరవై మంది దాకా వచ్చి తుపాకులు ఆయన ముందట పెట్టిన్రు. 1969 అహ్మదాబాద్ మత కొట్లాటలప్పుడు శాంతి సైనికులు గల్లీలల్ల తిరిగి, పుకారు ఏది, నిజం ఏది అని ఎతికి జనానికి చెప్పిన్రు.

అన్నీ గెలిచిండని నేను చెప్పను. 70,000 అనుకున్న సేన కొన్ని వేలు దాటలేదు. గింజల కుండ అనుకున్నన్ని ఇండ్లల్ల నిలవలేదు. భూదానంల రాసిచ్చిన భూములు శాన మటుకు పేదోళ్ల చేతికి రాలేదు. 1974 నాటికి జయప్రకాశ్ నారాయణ్ ఉద్యమం దిక్కు పోదామా వద్దా అని సర్వోదయపోళ్లు రెండుగ చీలిన్రు, దాంతోని శాంతి సేన సుత సల్లబడ్డది. ఎమర్జెన్సీల ఇందిరమ్మకు ఎదురు మాట్లాడలేదని వినోబా మీద మచ్చ పడ్డది. అది ఇయ్యాలటికి పోలేదు, పోవాలని సుత నేను అడగను. 1982ల అన్నం, మందులు బంద్ చేసి నవంబర్ 15న పవనార్‌ల కన్ను మూసిండు.

ఐతే ఆయన ఏసిన ఇత్తనం బయట మొలిచింది. శాంతి సేనను నడిపిన నారాయణ్ దేశాయ్ 1981ల పీస్ బ్రిగేడ్స్ ఇంటర్నేషనల్ పెట్టినోళ్లల్ల ఒకరు. 2002ల మన దేశంలనే నాన్‌వయలెంట్ పీస్‌ఫోర్స్ పుట్టింది. వాళ్లు శ్రీలంకల పని చేసిన్రు, ఫిలిప్పీన్స్ మిందనావోల చేసిన్రు. దక్షిణ సూడాన్‌ల కట్టెల కోసం పోయే ఆడోళ్ల ఎంబడి ఆయుధం లేకుండ నడుస్తరు. వాళ్ల పని సుత అక్కడి జనం నమ్మినకాడనే నడుస్తది.

తమ్మీ, చెల్లె, మన ఊర్లల్ల వినాయకునికి చందా ఏస్తం, డీజేకు ఏస్తం. నడుమల నిలవడేటోళ్లకు మాత్రం ఒక్క రూపాయి తీయం. రేపు వాట్సాప్ గ్రూప్‌ల మంట పెట్టే వీడియో ఒకటి వస్తది. అది నిజమా అని అవతలి వాడకు ఫోన్ చేసేటోళ్లు ఇప్పటికైతే ఎవరూ లేరు. ప్రతి వాడకెల్లి ఇద్దరు, ఒక పిలగాడు, ఒక పిల్ల, అన్ని కులాలోళ్లు, అన్ని మతాలోళ్లు, ముందుగాలనే పేర్లు రాసుకొని ఒకరి నంబర్ ఒకరు పెట్టుకోండ్రి. వాళ్ల పెట్రోల్‌కు, చాయ్‌కు ఇంటికి పది రూపాయలు ఊరు ఏయాలె. కొట్లాట అయినంక పిలిస్తే లాభం లేదు, ఈ పండుగకు ముందే కూసోండ్రి.